ఇంటి పండుగకు ఇంట్లో లేనివాళ్లు: యువ మోర్మన్ మిషనరీల క్రిస్మస్

మోర్మన్లు అన్న పేరుతో లోకానికి తెలిసిన యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి 2024 చివరి నాటికి 74 వేల మందికి పైగా పూర్తికాలపు మిషనరీలు ఉన్నారు. వీరిలో అత్యధికులు ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న యువతీ యువకులు. వీళ్లు క్రిస్మస్‌కు సెలవు పెట్టి ఇంటికి వెళ్లే పద్ధతి లేదు. సేవ చేసే ఊరు ఇంటికి వంద మైళ్ల దూరంలో ఉన్నా, పదివేల మైళ్ల దూరంలో ఉన్నా నియమం ఒకటే. కుటుంబబంధం మరణంతో కూడా తెగదని, ఆలయంలో జరిపే కర్మతో భార్యాభర్తలూ తల్లిదండ్రులూ పిల్లలూ శాశ్వతంగా ఒకటవుతారని బోధించే సంఘమే, యౌవనంలో అడుగుపెట్టిన బిడ్డను ఆ కుటుంబం నుంచి తీసుకుని దూరం పంపుతుంది. ఈ రెండింటి మధ్య ఘర్షణ ఏడాది పొడవునా ఉన్నా, అది పైకి తేలేది డిసెంబరులోనే. ఆ నెలలో యువ మిషనరీని పట్టుకునే ఇంటిబెంగను వయసు తెచ్చిన బలహీనతగా తీసిపారేయడం సులువే గాని, దాని మూలం ఆ సంఘం క్రిస్మస్‌ను జరుపుకునే తీరులోనే ఉంది.

ముందుగా ఈ సేవ ఎలా నడుస్తుందో చూడాలి. 2012 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు థామస్ ఎస్. మాన్సన్ సేవలో చేరే కనీస వయసును అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు 21 నుంచి 19కి తగ్గించారు. 2025 నవంబరులో అమ్మాయిలకూ 18 చేశారు. అబ్బాయిలు 24 నెలలు, అమ్మాయిలు 18 నెలలు సేవ చేస్తారు. జీతం ఉండదు, ఖర్చు సొంత పొదుపు నుంచో, కుటుంబం నుంచో, స్థానిక సంఘస్థుల సాయం నుంచో రావాలి. ఎక్కడికి వెళ్లాలో ఎంచుకునే అవకాశం లేదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, సాల్ట్ లేక్ సిటీలో ఉన్న ప్రధాన కార్యాలయం ఏ దేశం పేరు చెబితే ఆ దేశానికి వెళ్లాలి, ఏ భాష చెబితే ఆ భాష నేర్చుకోవాలి. ఇద్దరిద్దరుగా జోడీ కడతారు. ఆ జోడీలో ఒకరిని విడిచి మరొకరు ఉండకూడదు. స్నానానికి వెళ్లినప్పుడు తప్ప ఒంటరితనం అన్నది దాదాపు ఉండదు. సాధారణంగా ఉదయం 6:30కి లేచి రాత్రి 10:30కి దీపం ఆర్పే దినచర్య. వారంలో ఒక పూట బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి, ఇంటికి రాయడానికి కేటాయిస్తారు. దాన్ని వాళ్లు పీ-డే అంటారు. చాలాచోట్ల అది సోమవారం. ఛాతీ మీద నల్లని పేరుపట్టీ ఉంటుంది. దాని మీద ఇంటిపేరు మాత్రమే ఉంటుంది కాబట్టి అబ్బాయిని ఎల్డర్ ఫలానా అని, అమ్మాయిని సిస్టర్ ఫలానా అని పిలుస్తారు. అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలిచేవాళ్లు రెండేళ్లపాటు చుట్టుపక్కల కనిపించరు.

ఇక క్రిస్మస్ సంగతి. కథోలిక సంఘంలో గాని, ఆంగ్లికన్, లూథరన్ సంప్రదాయాల్లో గాని క్రిస్మస్‌కు కేంద్రం గుడి. అర్ధరాత్రి ఆరాధన, క్రిస్మస్‌కు ముందు వారాల్లో వచ్చే ఆగమన కాలపు ఆదివారాలు, ప్రత్యేక ప్రార్థనలు, వస్త్రాల రంగులు అన్నీ గుడి చుట్టూ తిరుగుతాయి. అందువల్ల పరదేశంలో ఉన్న కథోలిక గురువు డిసెంబరు 24 రాత్రి ఏ గుడిలో అడుగుపెట్టినా తన పండుగలోనే అడుగుపెడతాడు. భాష వేరైనా క్రమం అదే. మోర్మన్ సంఘంలో అలాంటి క్రమం లేదు. ఆగమన కాలం పాటించే పద్ధతి లేదు, 24 రాత్రికి నియమిత ఆరాధన లేదు. 25 ఆదివారం నాడు పడితే తప్ప ఆ రోజు ప్రార్థనా మందిరం తలుపు తీయరు. డిసెంబరు తొలి ఆదివారం సంఘ అధ్యక్షత్వం ప్రసారం చేసే క్రిస్మస్ సందేశం, పండుగకు దగ్గరి ఆదివారం నాటి పాటలూ ప్రసంగాలూ తప్ప సంఘపరంగా జరిగేది తక్కువ. యేసు ఏప్రిల్ 6న పుట్టాడని ఈ సంఘంలో చాలామంది చాలాకాలంగా నమ్ముతూ వచ్చారు, సంఘం ప్రారంభమైంది కూడా 1830లో అదే తేదీన. కాబట్టి డిసెంబరు 25 తేదీకి సిద్ధాంతపరమైన బరువు కూడా అంతగా లేదు.

అంత మాత్రాన పండుగ చిన్నదైపోలేదు, అది మొత్తంగా ఇంటికి తరలిపోయింది. యూటాలోనూ ఐడహోలోనూ మోర్మన్ కుటుంబాల్లో 24 సాయంత్రం అందరూ హాలులో చేరతారు. తండ్రి లూకా సువార్త 2వ అధ్యాయం తెరిచి చదువుతుంటే, పిల్లలు తువ్వాళ్లు తలకు చుట్టుకుని కాపరులవుతారు, దుప్పటి కప్పుకున్న అక్క మరియ అవుతుంది, ఆ ఏడాది ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఆ బిడ్డే యేసు, లేకపోతే ఒక బొమ్మ. పెద్దవాడు ప్రతిసారీ యోసేపు వేషమే కట్టి విసుక్కుంటాడు. ఈ నాటకానికి ప్రేక్షకులు వేరే ఉండరు. ఇంట్లోవాళ్లే నటులు, ఇంట్లోవాళ్లే ప్రేక్షకులు. వారంలో ఒక సాయంత్రాన్ని కుటుంబానికే వదిలిపెట్టే గృహకూటమి ఆచారాన్ని 1915 నుంచి ప్రోత్సహించిన సంఘం ఇది. మతాచరణలో గణనీయమైన భాగాన్ని పీఠం మీది నుంచి హాలులోకి దించడం దాని బలం. అయితే ఆ బలానికి ఒక మూల్యం ఉంది, అది చెల్లించేది ఇల్లు విడిచి వెళ్లినవాడే. ఇంటికి దూరమైన మోర్మన్ యువకుడు పండుగ జరిగే స్థలానికే దూరమవుతాడు. అతను వెళ్లి చేరడానికి పరదేశంలో దానికి బదులుగా మరో మందిరం లేదు. నిజానికి యోసేపు వేషం కట్టేవాడు లేక ఆ హాలులో కూడా ఆ ఏడు నాటకం కుంటుతుంది. మిషనరీ బెంగను వివరించేటప్పుడు సాధారణంగా ఎవరూ ప్రస్తావించని సంగతి ఇది; దీన్ని పట్టించుకోకపోతే మిగతా వివరణ అంతా పైపైనే ఉండిపోతుంది.

ఇంటికీ మిషనరీకీ మధ్య ఈ లోటును పూడ్చడానికి దశాబ్దాల పాటు ఉన్న ఏకైక ఏర్పాటు క్రిస్మస్ ఫోన్. 2019 ఫిబ్రవరి వరకు మిషనరీ ఇంటికి ఉత్తరాలు రాయగలిగేవాడు, ఆ కాలం చివరి ఏళ్లలో వారానికోసారి ఈమెయిల్ కూడా పంపగలిగేవాడు. గొంతు వినే అవకాశం మాత్రం ఏడాదిలో రెండే రోజులు: క్రిస్మస్, మే రెండో ఆదివారం వచ్చే అమెరికన్ మాతృదినం. అంటే రెండేళ్ల సేవలో నాలుగు ఫోన్లు. వాటి మధ్య ఎడం కూడా సమానం కాదు. క్రిస్మస్ నుంచి మాతృదినానికి నాలుగున్నర నెలలు, మాతృదినం నుంచి మళ్లీ క్రిస్మస్‌కు ఏడున్నర నెలలు. ఆ పొడుగాటి ఎడం చివర వచ్చే ఫోన్ కాబట్టి డిసెంబరు నాటికి రెండు వైపులా చెప్పుకోవలసింది కొండలా పేరుకుని ఉండేది.

ఆ ఫోన్ ఎలా జరిగేదో కాస్త దగ్గరగా చూస్తే దాని బరువు అర్థమవుతుంది. మిషనరీల గదిలో అంతర్జాతీయ ఫోన్ ఉండదు కాబట్టి స్థానిక సంఘ కుటుంబం ఒకటి తమ ఇంటి ఫోను, తర్వాతి రోజుల్లో కంప్యూటరు ఇచ్చేది. ఏ గంటకు అన్నది వారాల ముందే ఈమెయిల్‌లో ఖాయం చేసుకోవాలి. సాల్ట్ లేక్ సిటీకి మనీలా 15 గంటలు ముందు. అక్కడ 24 రాత్రి 8 గంటలైతే మనీలాలో 25 ఉదయం 11. యూటాలో అమ్మమ్మ, తాతయ్య, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే స్పీకర్ చుట్టూ చేరేవారు. మాట్లాడమని ఇచ్చే సమయం సాధారణంగా అరగంట నుంచి ముప్పావుగంట. మొదటి అయిదు నిమిషాలు ఎవరికీ మాట పెగలదు, తర్వాత పది నిమిషాలు అందరూ ఒకేసారి మాట్లాడతారు, చివరి పది నిమిషాలు గడియారం వైపు చూస్తూ గడిచిపోతాయి. ఏడాదిగా స్పానిషో తగాలోగో మాట్లాడుతూ వచ్చిన కుర్రాడికి ఇంగ్లిష్ తడబడుతుంది, అది విని చెల్లెలు నవ్వుతుంది. అతన్ని పెట్టిన పేరుతో పిలవడం వినిపించేది ఆ కాసేపే. పక్కగదిలో అతని జోడీ తన వంతు కోసం ఎదురుచూస్తుంటాడు. అటు ఇంటి యజమానురాలు వంటగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేస్తుంది, కుర్రాడు ఏడిస్తే ఎవరూ చూడకూడదని. ఫోన్ పెట్టేశాక గంటో రెండు గంటలో మిషనరీలు చాలా కష్టపడతారన్నది ఈ సేవ చేసి వచ్చినవాళ్లు ఎక్కడైనా ఒప్పుకునే మాట.

2019 ఫిబ్రవరి 15న ఈ నియమం మారింది. ప్రతి పీ-డే నాడు ఫోన్, వీడియో కాల్, సందేశాల ద్వారా ఇంటివాళ్లతో మాట్లాడవచ్చని, క్రిస్మస్, మాతృదినం, పితృదినం, తల్లిదండ్రుల పుట్టినరోజుల వంటి ప్రత్యేక సందర్భాల్లో కూడా మాట్లాడటం మంచిదని సంఘం ప్రకటించింది. మిషనరీ అనుభవంలో కుటుంబాన్ని మరింతగా భాగస్వామిని చేయడం తమ ఉద్దేశమని అప్పట్లో మిషనరీ వ్యవహారాలు చూస్తున్న డీటర్ ఎఫ్. ఉక్ట్‌డార్ఫ్ వివరించారు. పాతతరంలో కొందరికి ఇది నచ్చలేదు. ఎడబాటే మనిషిని గట్టిపరుస్తుందని, వారం వారం ఇంటి గొంతు వింటే మనసు పని మీద నిలవదని వాళ్ల వాదన. ఈ వాదనలో కొంత అనుభవం ఉన్న మాట నిజమే గాని, అది పాత పద్ధతి వల్ల కుంగిపోయినవాళ్లను లెక్కలోకి తీసుకోదు. నిబ్బరంగా నిలబడి తిరిగొచ్చినవాళ్లు గర్వంగా చెప్పుకునే కథలే ఎక్కువగా వినిపిస్తాయి. మధ్యలో తిరిగొచ్చి ఆ సంగతి ఎత్తకుండా బతికేవాళ్ల కథలు వినిపించవు. పద్దెనిమిదేళ్ల మనిషికి తల్లి గొంతు ఏడాదికి రెండుసార్లే వినిపించాలన్న నియమానికి ఆధ్యాత్మిక ప్రయోజనం ఏమిటో ఆ పద్ధతిని సమర్థించినవాళ్లు ఏనాడూ ఒప్పించేలా చెప్పలేకపోయారు. మార్పు సరైనదే, రావలసిన దానికన్నా ఆలస్యంగా వచ్చింది.

అయితే ఆ మార్పుతో క్రిస్మస్ నాటి బెంగ పోయిందనుకుంటే పొరపాటు, అది రూపం మార్చుకుంది. పూర్వం ఇల్లు ఊహలో ఉండేది. మిషనరీ గుర్తున్న ఇంటిని గుర్తున్నట్టే దాచుకునేవాడు. ఇప్పుడు వీడియోలో చెట్టు కనిపిస్తుంది, చెట్టు కింద తన తమ్ముడు తన పాత స్వెటర్ వేసుకుని కూర్చోవడం కనిపిస్తుంది, తన గది చెల్లెలి గదిగా మారిపోవడం కనిపిస్తుంది. తాను లేకుండా ఇల్లు ముందుకు సాగుతున్న దృశ్యం ప్రత్యక్షంగా వస్తుంది. పైగా వారం వారం మాట్లాడే ఫోన్ కాబట్టి క్రిస్మస్ ఫోన్‌కు పూర్వపు ప్రత్యేకత లేదు. అది పండుగ స్థానాన్ని నింపలేదు. కుటుంబ కలహాలు, తండ్రి ఉద్యోగం పోవడం, తాతయ్య అనారోగ్యం లాంటివి పూర్వం ఉత్తరంలో వడగట్టి రాసేవారు. ఇప్పుడు అమ్మ ముఖంలోనే తెలిసిపోతాయి. ఈ కొత్త భారాన్ని మోయడం నేర్పించే పని సంఘం ఇంకా పూర్తిగా చేపట్టినట్టు కనిపించదు.

సేవ చేసే దేశాన్ని బట్టి ఆ రోజు స్వరూపం ఎంతగానో మారుతుంది. జపాన్‌లో డిసెంబరు 25 సెలవు రోజు కాదు. ఉద్యోగులు రైళ్లెక్కి ఆఫీసులకు వెళ్తారు, దుకాణాల్లో క్రిస్మస్ కేకు, వేయించిన కోడి అమ్ముడుపోతాయి, సాయంత్రం యువజంటలు షికారుకు వెళ్తారు. 1901లో హీబర్ జె. గ్రాంట్ అక్కడ తొలి మిషన్, అంటే మిషనరీలు పనిచేసే ప్రాంతీయ విభాగం, తెరిచిన నాటి నుంచి వెళ్లిన ప్రతి తరం మిషనరీలకూ తమ పండుగ ఎవరి పండుగా కాని ఊరిలో తిరిగే అనుభవం తప్పలేదు. బ్రెజిల్, అర్జెంటీనా లాంటి దక్షిణార్ధగోళ దేశాల్లో అది నడివేసవి. మంచుతో ముడిపడ్డ జ్ఞాపకాలన్నీ చెమటలో కరిగిపోతాయి. ఫిలిప్పీన్స్‌లో కథ పూర్తిగా వేరు. అక్కడ క్రిస్మస్ పాటలు సెప్టెంబరులోనే మొదలవుతాయి, డిసెంబరు 16 నుంచి తొమ్మిది రోజులు తెల్లవారుజామున కథోలిక గుళ్లలో పూజలు జరుగుతాయి, 24 అర్ధరాత్రి కుటుంబమంతా భోజనానికి కూర్చుంటుంది.

అసలు చిక్కు ఆ అర్ధరాత్రి దగ్గరే వస్తుంది. మెక్సికో నుంచి చిలీ దాకా లాటిన్ అమెరికా దేశాల్లో పండుగకు పతాక ఘట్టం 24 రాత్రి పన్నెండు గంటలు. అప్పుడే బాణసంచా కాలుస్తారు, అప్పుడే కౌగలించుకుంటారు, అప్పుడే గ్వాటెమాలాలో తమాలే అనే మొక్కజొన్న పిండి వంటకపు వేడి పొట్లాలు విప్పుతారు. మిషనరీ దినచర్య ప్రకారం 10:30కి దీపం ఆర్పాలి. పైగా ఆ రాత్రి వీధుల్లో తాగుడూ తుపాకీ కాల్పులూ ఉంటాయన్న భయంతో చాలా మిషన్లలో ఇంకా పెందలాడే గదికి చేరమంటారు. జాగ్రత్త అవసరమే, సందేహం లేదు. ఫలితం మాత్రం ఇది: ఊరంతా మేలుకుని ఉన్న రాత్రి ఇద్దరు కుర్రాళ్లు మంచాల మీద పడుకుని, కిటికీ అద్దాలు అదిరే టపాసుల శబ్దం వింటూ ఉంటారు. మర్నాడు ఉదయం, అమెరికన్ లెక్కలో అసలు పండుగ మొదలయ్యే వేళకు, ఊరు నిద్రపోతూ ఉంటుంది. ఇంటి పండుగా అందదు, ఊరి పండుగా అందదు. స్థానిక కుటుంబంతో కలిసి అర్ధరాత్రి దాకా గడిపి అక్కడే నిద్రపోయే ఏర్పాటు చేయడం మిషన్ నాయకులకు అసాధ్యమేమీ కాదు. భద్రతకూ మనసుకూ రెండింటికీ పనికొచ్చే దారి అది.

క్రిస్మస్ వారంలో పని కూడా కుంటుపడుతుంది. సంఘ బోధల గురించి పాఠాలు వింటామన్నవాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు, బంధువులు వచ్చారంటూ తలుపు సగమే తీస్తారు, ముందే మాట్లాడుకున్న కలయికలు వరసగా రద్దవుతాయి. మామూలు రోజుల్లో ఇంటిబెంగకు మిషనరీలు వాడే మందు పనిలో మునిగిపోవడమే. ఆ మందు దొరకని వారంలోనే జబ్బు ముదురుతుంది. ఈ ఖాళీని నింపడానికి మిషన్లు కొన్ని పనులు అల్లుకున్నాయి. మిషన్ అధ్యక్ష దంపతులు పండుగకు ముందు మిషనరీలందరినీ ఒకచోట చేర్చి భోజనం పెట్టి, పాటలు, చిన్న నాటికలు జరిపిస్తారు. ఇంటి నుంచి మిషన్ కార్యాలయానికి చేరిన పార్సెళ్లు చాలాచోట్ల అప్పుడే చేతికొస్తాయి. 2016 నుంచి డిసెంబరులో సంఘం నడుపుతున్న సేవా ఉద్యమంలో భాగంగా వృద్ధాశ్రమాల్లో పాడటం, నిరాశ్రయులకు భోజనం వడ్డించడం లాంటివి కూడా ఉంటాయి. ఇతరుల కష్టంలో చేయి పెట్టిన పూట సొంత బెంగ తగ్గడం అనుభవంలో నిలిచిన సత్యమే. అయితే 25 మధ్యాహ్నం ఆశ్రమాల్లోనూ పని అయిపోతుంది.

మిగిలేది జోడీ. ఒకే గదిలో, ఒకే పొయ్యి మీద వండుకుని తినే ఇద్దరిలో ఒకరు యూటా వాళ్లు, మరొకరు టోంగా వాళ్లో కాంగో వాళ్లో కావచ్చు. ఇద్దరి క్రిస్మస్‌లకు పోలిక ఉండకపోవచ్చు. పైగా ఆరు వారాలకోసారి బదిలీలు జరుగుతాయి కాబట్టి డిసెంబరు మధ్యలో బదిలీ పడితే, పండుగ నాటికి ఆ గదిలో ఉన్న ఇద్దరికీ పరిచయం పది రోజులే. అటువంటి పరిస్థితిలో ఒకరి దుఃఖం ఒకరికి భారమవుతుంది, లేదా ఎన్నేళ్లైనా తెగని స్నేహానికి అక్కడే నాంది పడుతుంది. ఏది జరుగుతుందన్నది ఎక్కువగా రెండో వ్యక్తికి ఇది ఎన్నో క్రిస్మస్ అన్నదాని మీద ఆధారపడుతుంది. 24 నెలల సేవలో రెండు క్రిస్మస్‌లు తప్పనిసరిగా వస్తాయి. 18 నెలలు చేసే అమ్మాయిలకు బయలుదేరిన నెలను బట్టి ఒకటో రెండో. మొదటిది దెబ్బ కొడుతుంది, రెండోదానికి ఊరు తెలుసు, మనుషులు తెలుసు, ఆ రోజు ఎవరింట్లో ఏ వేళకు భోజనానికి పిలుస్తారో తెలుసు. రెండో క్రిస్మస్ చూస్తున్న మిషనరీ పక్కన మొదటిది చూస్తున్నవాడిని ఉంచడం అన్నది డిసెంబరు బదిలీల్లో అన్నిటికన్నా ముందు చూడవలసిన విషయం.

ఇప్పటి ఎడబాటును తక్కువ చేసేవాళ్లు తరచు పూర్వుల త్యాగాన్ని గుర్తుచేస్తారు. 1839 సెప్టెంబరులో బ్రిగం యంగ్, హీబర్ సి. కింబల్ జ్వరంతో నిలబడలేని స్థితిలో ఇంగ్లండుకు బయలుదేరారు. అప్పటికి యంగ్ భార్య ప్రసవించి పది రోజులు. కింబల్ ఇంట్లో కూడా అందరూ మంచం పట్టారు. ఆ క్రిస్మస్ నాటికి వాళ్లింకా అట్లాంటిక్ దాటనే లేదు, 1840 ఏప్రిల్ 6న గాని లివర్‌పూల్ చేరలేదు. ఈ కథ సంఘమంతటా గౌరవంతో చెప్పుకునేదే. కాని వాళ్లిద్దరూ ముప్పై ఏళ్లు దాటిన గృహస్థులు, కష్టనష్టాలు చూసినవాళ్లు, ఎందుకు వెళ్తున్నారో తెలిసి వెళ్లినవాళ్లు. వాళ్లను ఆదర్శంగా చూపి, నిన్నటి దాకా అమ్మ చేతి వంట తిన్న కుర్రాడి దిగులును సిగ్గుపడవలసిన విషయంగా మార్చడం న్యాయం కాదు. పైగా ఆనాటి అసలు బరువు మోసింది ఇంట్లో మిగిలిన భార్యలు. వాళ్ల క్రిస్మస్ ఎలా గడిచిందన్న ప్రశ్న ఆ కథల్లో అరుదుగా వస్తుంది.

ఈ చరిత్రకు మన ప్రాంతంతో కూడా సంబంధం ఉంది. 1853లో యూటా నుంచి వచ్చిన మోర్మన్ బోధకులు కలకత్తాలో దిగి దేశంలో పలుచోట్లకు విడిపోయారు. వాళ్లలో రిచర్డ్ బాలంటైన్ ఆ ఏడాది జూలైలో మద్రాసు చేరి ఏడాది పాటు ఉన్నాడు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ పరిధిలోనే కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు ఉండేవి. ఇంటి ఉత్తరం చేరడానికి నెలలు పట్టే కాలంలో అతను ఒక క్రిస్మస్ మద్రాసులో గడిపాడు. ఆ ప్రయత్నం నిలవలేదు. సంఘం తెలుగువాళ్ల మధ్య వేళ్లూనుకోవడం 1978లో మొదలైంది. సమోవాలో ఉద్యోగం చేస్తూ ఈ సంఘంలో చేరిన హైదరాబాదు కీటకశాస్త్రవేత్త ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ అప్పుడు మిషనరీలుగా సొంత ఊరికే వచ్చి, తమ బంధువుల్లో ఇరవై మందికి పైగా బాప్తిస్మమిప్పించారు. మిషనరీ అంటే ఇల్లు విడిచేవాడన్న నియమానికి ఈ దంపతుల సేవ అరుదైన మినహాయింపు. తర్వాత 1993లో బెంగళూరు కేంద్రంగా మిషన్ ఏర్పడింది, గురుచరణ్ సింగ్ గిల్ దానికి తొలి అధ్యక్షుడు. 2012లో దేశంలోనే తొలి స్టేక్, అంటే పలు స్థానిక సంఘాలను కలిపే విభాగం, హైదరాబాదులో ఏర్పాటైంది. విశాఖపట్నం, రాజమండ్రిలలో కూడా సంఘ శాఖలు ఉన్నాయి.

ఈ ఊళ్ల నుంచి మిషనరీలుగా వెళ్లే తెలుగు పిల్లల పరిస్థితి యూటా పిల్లలతో సరిపోదు. తెలుగు క్రైస్తవుల క్రిస్మస్ హాలులో ముగిసే పండుగ కాదు. డిసెంబరు మొదటి వారం నుంచే ఇంటి ముందు కాగితపు నక్షత్రం వెలుగుతుంది, రాత్రిళ్లు డప్పుతో గిటారుతో పాటల బృందం వీధి వీధికీ వస్తుంది, 24 రాత్రి గుడి కిటకిటలాడుతుంది, 25 ఉదయం కొత్త బట్టలతో మళ్లీ గుడికి, ఆపైన బిర్యానీకి ఇరుగుపొరుగును పిలవడం. బాప్టిస్టు, లూథరన్, సీఎస్ఐ కుటుంబాల్లో పుట్టి ఈ సంఘంలోకి వచ్చినవాళ్లు ఆ అర్ధరాత్రి ఆరాధనను సంఘం మారినప్పుడే పోగొట్టుకున్నారు. మిషన్‌కు వెళ్లినప్పుడు ఇంటిని కూడా వదులుకుంటారు. బంధువుల్లో సగం మంది ఇప్పటికీ పాత సంఘంలోనే ఉంటే, పండుగ పూట ఇంటికి చేసిన ఫోన్‌లో పెద్దమ్మో బాబాయో, ఎవరి సేవ కోసం ఎక్కడ తిరుగుతున్నావురా అని అడిగే అవకాశం కూడా ఉంది. తరాల నాడే సంఘంలో చేరిన అమెరికన్ కుటుంబంలో కొడుకు మిషన్‌కు వెళ్లడం పరువు. కొత్తగా చేరిన కుటుంబంలో అది వివరణ ఇచ్చుకోవలసిన పని. ఈ తేడాను సాల్ట్ లేక్ సిటీలో రాసే మార్గదర్శకాలు అంతగా పట్టించుకోవు.

సంఘ ప్రచురణల్లో మిషనరీ క్రిస్మస్ కథలకు ఒక అచ్చు ఉంది. కథానాయకుడు మొదట దిగులుపడతాడు, తర్వాత ఒక పేదవాడికో రోగికో సాయం చేస్తాడు, చివరికి అదే తన జీవితంలో గొప్ప క్రిస్మస్ అని తెలుసుకుంటాడు. ఇవి అబద్ధాలు కావు. వేల మందికి అలాగే జరిగింది, తిరిగొచ్చాక వాళ్లు మనసారా చెప్పుకున్నారు. తంటా ఏమిటంటే, కథలన్నీ అక్కడే ముగిసినప్పుడు అలా ముగియని క్రిస్మస్ గడిపిన కుర్రాడు లోపం తన విశ్వాసంలోనే ఉందనుకుంటాడు. సర్దుబాటులో వచ్చే మానసిక ఇబ్బందుల గురించి 2013 నుంచి సంఘం ఒక చిన్న పుస్తకాన్ని మిషనరీల చేతికిస్తోంది. ఇంటిబెంగ మామూలే అని, నిద్ర, తిండి, ఆలోచన దెబ్బతింటే నాయకులకు చెప్పమని, సాయం అడగడం తప్పు కాదని అందులో ఉంది. ఆ పుస్తకం గొంతులో ఉన్న నిజాయితీ డిసెంబరు ప్రసంగాల్లోకి కూడా రావాలి. మధ్యలో తిరిగొచ్చిన మిషనరీని ఊళ్లో చాటుమాటుగా వేలెత్తి చూపే అలవాటు పోనంతకాలం, ఆ పుస్తకం చదివినా సాయం అడిగేవాళ్లు తక్కువే ఉంటారు.

చేయగల పని స్థానిక సంఘస్థుల చేతిలోనే ఎక్కువ ఉంది. చాలా దేశాల్లో మిషనరీలకు సాయంత్రం భోజనం పెట్టడానికి కుటుంబాలు వంతులు వేసుకుని ఒక పట్టికలో పేర్లు రాస్తాయి. ఏడాదంతా నిండే ఆ పట్టికలో 24, 25 తేదీలు తరచు ఖాళీగా మిగులుతాయి. దానికి కారణం నిర్దయ కాదు. ఆ రోజు కుటుంబానిది, బయటివాళ్లు ఉండకూడదన్న భావన సంఘం నేర్పినదే. పైగా ఎవరో ఒకరు పిలిచే ఉంటారులే అని ప్రతి ఇల్లూ అనుకుంటుంది. ఇంటిని పండుగకు కేంద్రం చేసిన బోధే మిషనరీకి ఆ పూట తలుపు మూస్తోంది. నవంబరు ముగిసేలోగా స్థానిక నాయకులు ఆ రెండు తేదీల ఎదుట పేర్లు రాయించాలి. సంఘంలో కొత్తగా చేరి, ఇంటి నుంచి పార్సెలూ రాని, ఫోన్ చేసినా మాట్లాడేవాళ్లు లేని మిషనరీలు తమ ఊళ్లో ఎవరో తెలుసుకుని, ఆ పేర్లను ముందుగా వాళ్ల కోసమే రాయించాలి.